దేవుడు ముందుగానే నిర్ణయించి ఉంటే, మా తమ్ముడి కోసం నేను చేసే ప్రార్థన దేనికి?

బ్రాడీపేట సోదరి

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. మాది గుంటూరులో తరాలుగా లూథరన్ సంఘంలో ఉన్న కుటుంబం. మా తమ్ముడు చదువు కోసం బెంగళూరు వెళ్లి, అక్కడే ఉద్యోగంలో స్థిరపడి, మెల్లగా గుడికి వెళ్లడం మానేశాడు. వాడికి సంఘం మీద కోపం లేదు, మా మీద అలకా లేదు. "అక్కా, నాకు నమ్మకం కలగడం లేదు, కలిగినట్లు నటించలేను" అని మాత్రం అంటాడు. అమ్మ తెల్లవారుజామున, పొయ్యి మీద పాలు పెట్టకముందే, వాడి పేరెత్తి ప్రార్థన చేస్తుంది. ఆమె పక్కన నేనూ మోకరిస్తాను.

మా గృహకూడికలో ప్రస్తుతం రోమా పత్రిక చదువుతున్నాం. తొమ్మిదో అధ్యాయానికి వచ్చేసరికి నాకు ప్రార్థన సాగడం లేదు. కవలలు ఇంకా పుట్టకముందే, మేలుగాని కీడుగాని చేయకముందే, దేవుని ఏర్పాటు, అంటే ఆయన ముందే ఎంచుకోవడం, యాకోబు పక్షాన ఉన్నదని పౌలు స్పష్టంగా రాస్తున్నాడు. మా తమ్ముడు ఏర్పరచబడినవాడే అయితే నేను ప్రార్థించినా మానినా వాడు వస్తాడు. కాకపోతే నేను జన్మంతా మోకాళ్ల మీదే ఉన్నా రాడు. ఈ రెంటిలో ఏది నిజమైనా నా ప్రార్థనకు చోటెక్కడ?

రెండో ప్రశ్న ఇంకా బరువైనది. కన్ఫర్మేషన్ తరగతిలో మేమంతా, మా సంఘానికి మూలపురుషుడైన లూథర్ రాసిన చిన్న ప్రశ్నోత్తరి కంఠస్థం చేశాం. విశ్వాస ప్రమాణంలోని మూడో భాగానికి ఆయన రాసిన వివరణలో, నా సొంత బుద్ధితోగాని శక్తితోగాని నేను క్రీస్తును నమ్మలేనని, పరిశుద్ధాత్మే సువార్త ద్వారా నన్ను పిలిచాడని ఉంటుంది. తనంతట తాను నమ్మలేకపోతున్నానని మా తమ్ముడు చెప్పేదీ దాదాపు అదే కదా! మరి వాడిని తప్పుపట్టడం ఏ న్యాయం? దేవుని మార్గాలు అగమ్యమైనవి అని ఒక్క మాటతో సరిపెట్టకుండా, తెలిసినవారు విడమరచి చెప్పాలని వేడుకుంటున్నాను.

పటమట సంస్కరణ విశ్వాసి

సోదరి గారూ, విజయవాడ నుంచి వందనాలు. మొదట ఒక సంగతి చెప్పనివ్వండి. ఏర్పాటు సిద్ధాంతం పేరు చెప్పగానే అందరూ తలచుకునే సంస్కర్త కాల్విన్, తన ప్రధాన గ్రంథాన్ని 1536లో మొదటిసారి అచ్చువేయించి, పెంచుకుంటూ, దిద్దుకుంటూ వచ్చి, 1559లో దానికి తుది రూపం ఇచ్చాడు. ఏర్పాటు గురించిన చర్చను ఆయన దేవుని గుణలక్షణాలు వివరించే మొదటి భాగంలో పెట్టలేదు. మూడో భాగంలో విశ్వాసం, మారుమనస్సు, నీతిమంతులుగా తీర్చబడటం అన్నీ చెప్పిన తరువాత 21వ అధ్యాయంలో మొదలుపెట్టాడు. దానికి ముందున్న 20వ అధ్యాయం, గ్రంథం మొత్తంలో సుదీర్ఘమైన వాటిలో ఒకటి, పూర్తిగా ప్రార్థన గురించే. ప్రార్థన విశ్వాసానికి ముఖ్యమైన అభ్యాసమని అక్కడ రాసిన మనిషే పేజీ తిప్పగానే ఏర్పాటు గురించి రాశాడు. ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టేస్తాయని ఆయనకు తోచలేదు.

ఎందుకు తోచలేదో అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయం చూస్తే అర్థమవుతుంది. రోమాకు వెళ్తున్న ఓడలో 276 మంది ఉన్నారు. తుపానులో రోజుల తరబడి సూర్యుడు గాని నక్షత్రాలు గాని కనబడలేదు. ఆ స్థితిలో, ఒక్క ప్రాణమూ పోదని, ఓడ మాత్రమే పోతుందని దేవదూత తనకు చెప్పినట్లు పౌలు అందరికీ ధైర్యం చెప్పాడు. నిర్ణయం అయిపోయింది, మాట వెలువడింది. అయితే ఆ తరువాత నావికులు ముందువైపు లంగరులు వేస్తున్నట్లు నటిస్తూ చిన్న పడవను సముద్రంలోకి దింపి పారిపోబోయారు. అప్పుడు అదే పౌలు శతాధిపతి దగ్గరికి వెళ్లి, వీళ్లు ఓడలో ఉంటేనే గాని మీరు తప్పించుకోలేరని హెచ్చరించాడు. సైనికులు పడవ తాళ్లు కోసివేశారు. దేవుడు ఎలాగూ కాపాడతానన్నాడు కదా, ఎవరు పారిపోతే నాకేమిటి అని పౌలు కూర్చోలేదు. గమ్యాన్ని నిర్ణయించిన దేవుడు దారిని కూడా నిర్ణయించాడు. మీ అమ్మగారి ప్రార్థన ఆ దారిలో భాగం కాదని ఎవరు చెప్పగలరు?

మీ రెండో ప్రశ్న విషయం. మా సంస్కరణ పక్షంవారి వెస్ట్‌మినిస్టర్ విశ్వాస ప్రమాణం మూడో అధ్యాయం, జరిగే సమస్తాన్నీ దేవుడు అనాదిగా నిర్ణయించాడని చెబుతూనే, అందువల్ల ఆయన పాపానికి కర్త కాడని, సృష్టించబడినవారి చిత్తం మీద బలవంతమేమీ జరగదని వెంటనే అంటుంది. మనిషి తనకు ఇష్టమైనదే ఎంచుకుంటాడు. పతనమైన హృదయానికి దేవుడు ఇష్టమైనవాడు కాడు. ఎవరో చేతులు కట్టేసినందువల్ల వచ్చిన అశక్తత కాదది, ఇష్టం లేకపోవడమే ఆ అశక్తత. అందుకే అది క్షమించదగిన వైకల్యం కింద రాదు.

కొత్తపేట సేవకుడు

పటమట సోదరుని మాటల్లో భక్తి ఉంది. కానీ రోమా తొమ్మిదిని ఆయన పక్షంవారు ఒక్కొక్క మనిషి రక్షణ గురించిన నిర్ణయంగా చదివే పద్ధతిని నేను ఒప్పుకోలేను. నేను గుంటూరులో ఒక చిన్న సంఘానికి కాపరిని. ఈ అధ్యాయం చదివి బెదిరిపోయి వచ్చినవారితో చాలాసార్లు కూర్చున్నాను.

ఆ కవలలు యాకోబు, ఏశావు; వారి తల్లి రిబ్కాకు దేవుడు చెప్పినది ఆదికాండము 25లో ఉంది: ఆమె గర్భంలో ఉన్నవి రెండు జనములు. పౌలు అక్కడ ఎత్తి రాసిన, ఏశావును ద్వేషించితినన్న మాట మలాకీ ప్రవక్తది. అది ఏశావు చనిపోయిన ఎన్నో శతాబ్దాల తరువాత అతని సంతతి అయిన ఎదోము అనే జనాంగం గురించి పలికినది. మెస్సీయ ఏ వంశం ద్వారా రావాలో దేవుడు ఎంచుకోవడం వేరు, ఫలానా మనిషి నరకానికే అని పుట్టకముందే తేల్చడం వేరు. ఇక అదే అధ్యాయంలో దేవుణ్ణి కుమ్మరితో, మనిషిని మట్టితో పోల్చిన మాట. పౌలు ఆ మాట అనగానే యూదులకు గుర్తొచ్చేది యిర్మీయా 18. అక్కడ దేవుడు ఏమన్నాడో చూడండి: ఒక జనాన్ని పెల్లగిస్తానని నేను చెప్పిన తరువాత ఆ జనం చెడుతనం మాని తిరిగితే, చేయదలచిన కీడు చేయను. మట్టి మారితే కుమ్మరి చెయ్యి మారుతుందని చెప్పిన అధ్యాయమది.

యెరూషలేమును చూసి ప్రభువు, కోడి తన పిల్లలను రెక్కల కిందికి చేర్చుకున్నట్లు ఎన్నోసార్లు చేర్చుకోవాలనుకున్నానని చెప్పి, "మీరు ఒల్లకపోతిరి" అన్నాడు. ఒల్లకపోవడం ముందే నిర్ణయమై ఉంటే ఆ దుఃఖానికి అర్థం లేదు. మెథడిస్టు ఉద్యమ నాయకుడు జాన్ వెస్లీ 1739లో బ్రిస్టల్‌లో చేసిన ప్రసంగంలో పట్టుదలగా వాదించినది ఇదే: కృప అందరిలోనూ ఉచితం, అందరి కోసమూ ఉచితం. మనిషి తన శక్తితో నమ్మలేడన్న మాటతో ఆయనకు పేచీ లేదు. అయితే మనిషి కంటే ముందే వచ్చి, ప్రతి హృదయాన్నీ తట్టి, జవాబు చెప్పగలిగేంత బలం ఇచ్చే కృప ఒకటి ఉందన్నాడు. సోదరి గారూ, మీ తమ్ముడు "నటించలేను" అంటున్నాడంటే ఆ తట్టు వాడికి వినబడుతూనే ఉందని నా నమ్మకం.

బ్రాడీపేట సోదరి

ఇద్దరికీ కృతజ్ఞతలు. అయితే నా సందేహం తీరలేదు. ఓడలో ఉన్నవారికి ఫలితం ముందే చెప్పబడింది; ఒక్క ప్రాణమూ పోదని పౌలుకు తెలుసు. మా తమ్ముడి గురించి నాకు ఏ దేవదూతా చెప్పలేదు. తెలిసిన వాగ్దానం మీద నిలబడి తాళ్లు కోయడం వేరు, వాగ్దానం ఉందో లేదో తెలియకుండా కోయడం వేరు.

సేవకుడు గారూ, మీ మాటలు నా మనసుకు దగ్గరగా ఉన్నాయి. కానీ దేవునికి అన్నీ ముందే తెలుసని మీరూ నమ్ముతారు కదా. మా తమ్ముడు చివరివరకూ ఒప్పుకోడని ఆయన ముందే చూసి ఉంటే, నిర్ణయించాడన్నా చూశాడన్నా నా ప్రార్థన విషయంలో తేడా ఏముంది?

గుణదల విశ్వాసి

నేను కతోలిక సంఘానికి చెందినవాడిని. దేవుడు ముందే చూడటం గురించి సోదరి వేసిన ప్రశ్న మీద మా సంఘంలోనే రెండు గొప్ప వాద పక్షాలు చాలాకాలం తలపడ్డాయి కాబట్టి నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

దేవుడు ముందుగా చూస్తాడని మనం అనడం మన కాలమానంలో చిక్కుకున్న మాట. దేవునికి నిన్న, నేడు, రేపు అన్నీ ఒక్క వర్తమానంలోనే ఉన్నాయని ఆరో శతాబ్దంలో బొయిథియస్ అనే తత్త్వవేత్త చెరసాలలో ఉండి రాశాడు. 1992లో వెలువడిన మా సత్యోపదేశ గ్రంథం కూడా, దేవుడు తన అనాది ప్రణాళికను స్థాపించినప్పుడు తన కృపకు ప్రతి మనిషీ స్వేచ్ఛగా ఇచ్చే జవాబును అందులో కలుపుకున్నాడని చెబుతుంది. అంటే మీ ప్రార్థనకు ముందే ఎక్కడో లెక్క మూసేసి, ఆ తరువాత మిమ్మల్ని ప్రార్థించమనలేదు. మీ ప్రార్థన ఆ ప్రణాళికలో లోపలే ఉంది.

ఇంకొక అడుగు ముందుకు వేసినవాడు లూయీస్ డి మోలీనా అనే యేసు సభ గురువు. 1588లో ప్రచురించిన గ్రంథంలో ఆయన వాదన ఇది: ఏమి జరుగుతుందో మాత్రమే కాదు, ఏ పరిస్థితిలో ఏ మనిషి స్వేచ్ఛగా ఏమి చేసేవాడో కూడా దేవునికి తెలుసు. దీనికి ఎక్కువగా చూపే వచనం మొదటి సమూయేలు 23లోని కెయీలా వృత్తాంతం. సౌలు ఈ ఊరికి వస్తాడా అని దావీదు అడిగాడు, వస్తాడని జవాబు. ఊరివాళ్లు నన్ను అప్పగిస్తారా అని అడిగాడు; అప్పగిస్తారని జవాబు. వెంటనే దావీదు తన మనుషులతో ఊరు విడిచి వెళ్లిపోయాడు. సౌలు రాలేదు, ఎవరూ అప్పగించలేదు. దేవుడు చెప్పినది అబద్ధం కాలేదు. దావీదు అడిగాడు గనుక, విని కదిలాడు గనుక జరగలేదు. ప్రార్థన చేసేవాళ్లు తరచుగా చదువుకోవలసిన వృత్తాంతమని నాకనిపిస్తుంది.

మా సంఘంలోనే మరో సభకు చెందిన డొమినికన్ గురువులు మోలీనాను తీవ్రంగా ఖండించారు. మనిషి చిత్తం మీద దేవుని కృప ఆధారపడినట్లవుతుందని వారి అభ్యంతరం. రోమాలో ఏళ్ల తరబడి విచారణలు జరిగాయి. చివరకు 1607లో ఐదో పౌలు పోపు గారు ఎవరినీ తప్పుపట్టకుండా, రెండు పక్షాలూ తమ అభిప్రాయంలో ఉండవచ్చునని, ఒకరినొకరు ఖండించుకోవద్దని చెప్పి ముగించారు.

అరండల్‌పేట మాస్టారు

అమ్మా, నీ ప్రశ్నలో లూథర్ ప్రశ్నోత్తరి ప్రస్తావన ఉంది కనుక నేను మాట్లాడక తప్పదు. చాలాకాలం సండే స్కూల్లో దాన్నే బోధించాను.

ఎరాస్మస్ అనే పండితుడు 1524లో స్వేచ్ఛా చిత్తాన్ని సమర్థిస్తూ ఒక గ్రంథం రాశాడు. లూథర్ 1525లో దానికి జవాబుగా చిత్తం బందీగా ఉందని వాదిస్తూ పెద్ద గ్రంథం రాశాడు. పన్నెండేళ్ల తరువాత ఒక ఉత్తరంలో, తన రచనల్లో ఆ గ్రంథమూ ప్రశ్నోత్తరి తప్ప మిగిలినవి పోయినా బాధ లేదన్నాడు. అయితే లూథర్ మనిషికి ఏ స్వేచ్ఛా లేదనలేదు. ఇల్లు, పొలం, వ్యాపారం వంటి తనకంటే కిందివాటి విషయంలో మనిషికి ఎంపిక ఉంది. దేవుని వైపు తిరగడం మాత్రం వాడి చేతిలో లేదు. నీ తమ్ముడు ఉద్యోగం మారగలడు, ఊరు మారగలడు, తన హృదయాన్ని తానే కొత్తది చేసుకోలేడు. నువ్వూ చేసుకోలేవు, నేనూ చేసుకోలేను. ఈ విషయంలో వాడికీ మనకూ తేడా లేదు. అందుకే వాడిని చిన్నచూపు చూసే అర్హత మనకు లేదు. నువ్వు చూడడం లేదని తెలుసు.

అయితే ఆ బందీతనాన్ని పట్టుకుని, దేవుడు కొందరిని నాశనానికి నిర్ణయించాడని చెప్పడానికి మా సంఘం ఒప్పుకోలేదు. 1577 నాటి మా లూథరన్ విశ్వాస పత్రం, ఏకాభిప్రాయ సూత్రం, పదకొండో విభాగం పూర్తిగా దీని గురించే. దేవుని ముందస్తు జ్ఞానం మంచివారి మీదా చెడ్డవారి మీదా ఉంటుంది. ఏర్పాటు మాత్రం రక్షణ పొందే దేవుని పిల్లల మీదే ఉంటుంది. రక్షణకు కారణం దేవుడు, నాశనానికి కారణం మనిషి. ఏర్పాటును దేవుని రహస్య ఆలోచనలో వెతకవద్దని, క్రీస్తులో, ప్రకటించబడిన వాక్యంలో వెతకమని ఆ విభాగం గట్టిగా చెబుతుంది.

నీ మొదటి ప్రశ్నకు జవాబు నువ్వు చదువుతున్న పత్రికలోనే ఉంది. తొమ్మిదో అధ్యాయం ఎలా మొదలవుతుందో చూడు. తన స్వజనుల కోసం తాను క్రీస్తు నుండి వేరై శాపగ్రస్తుడవడానికైనా సిద్ధమని పౌలు గుండె బాదుకుంటాడు. ఆ తరువాతే యాకోబు, ఏశావు, ఫరో, కుమ్మరి వస్తారు. అది అయిపోగానే పదో అధ్యాయం మొదటి వచనం: ఇశ్రాయేలీయులు రక్షణ పొందాలన్నదే తన హృదయాభిలాష, వారి కోసం దేవునికి చేసే ప్రార్థన అంటాడు. నిన్ను ఆపేసిన ఆ అధ్యాయానికి ముందూ ప్రార్థనే, వెనుకా ప్రార్థనే. ఏర్పాటు గురించి అందరికంటే ఎక్కువ తెలిసినవాడు, ఆ మాటలు రాస్తూ కూడా, నమ్మని తన బంధువుల కోసం ప్రార్థించడం మానలేదు. వారిలో ఎవరు ఏర్పరచబడ్డారో ఆయనకూ ఏ దేవదూతా చెప్పలేదు.

ఇంకొక మాట. 1842 జూలై 31న మిషనరీ హేయర్ గారు గుంటూరు చేరినప్పటి నుంచి మన ఊళ్లకు లూథరన్లు వచ్చారు. బందరు మీదుగా ఆంగ్లికన్లు వచ్చారు, నెల్లూరు, ఒంగోలు మీదుగా బాప్టిస్టులు వచ్చారు. ప్రతి సంఘమూ ఈ విషయంలో తన దేశంలో చేసుకున్న వాదాలను వెంట తెచ్చుకుంది. 1571 నాటి ఆంగ్లికన్ ముప్పై తొమ్మిది సూత్రాలలో పదిహేడవది జీవానికి నిర్ణయించబడటం గురించే మాట్లాడుతుంది, నాశనానికి నిర్ణయించబడటం అనే మాటే ఎత్తదు. ఆ మౌనం కావాలని పాటించినదేనని నా అభిప్రాయం. మన ప్రసంగ వేదికల మీద ఇప్పుడు ఈ సంగతులు ఎవరూ బోధించడం లేదు. అందుకే రోమా పత్రిక చదవగానే చదువుకున్న పిల్లలు కూడా బెదిరిపోతున్నారు.

పటమట సంస్కరణ విశ్వాసి

మాస్టారూ, పదో అధ్యాయం గురించి మీరు చెప్పినది నూటికి నూరుపాళ్లూ ఒప్పుకుంటున్నాను. కానీ మీ సంఘం చెప్పేదానిలో ఒక మెట్టు దాటేసినట్లు నాకు అనిపిస్తుంది. నమ్మడానికి కారణం దేవుడొక్కడే, మనిషి శక్తి ఏమాత్రం లేదు అంటున్నారు. అందరూ సమానంగా అశక్తులే అంటున్నారు. మరి ఒకరు నమ్మి, ఇంకొకరు నమ్మకపోవడానికి కారణం ఏమిటి? మనిషిలో తేడా లేనప్పుడు ఆ తేడా దేవుని ఏర్పాటులోనే ఉండాలి కదా. కాల్విన్ ఆ మెట్టు ఎక్కాడు. ఎక్కినప్పుడు ఆయనకు సంతోషం కలగలేదు. ఆ నిర్ణయం భయంకరమైనదని తన గ్రంథంలో స్వయంగా రాశాడు. అయినా లేఖనం అక్కడికే నడిపిస్తోందని నమ్మి ఆగలేదు.

అరండల్‌పేట మాస్టారు

నాయనా, నీ తర్కంలో లోపం చూపలేను. కొందరు ఎందుకు, మిగిలినవారు ఎందుకు కాదు అన్న ప్రశ్న వేసిన ప్రతివారూ ఏదో ఒకటి వదులుకుని జవాబు చెప్పారు. మీరు దేవుడు అందరూ రక్షణ పొందాలని కోరుతున్నాడన్న మొదటి తిమోతి 2:4ను కుదించారు. సేవకుడు గారి పక్షంవారు మనిషి అశక్తతను కుదించారు. ఆ రెండు మాటలనూ పూర్తి బరువుతో ఉంచి, మధ్యలో ఉన్న ప్రశ్నకు జవాబు చెప్పకుండా ఉండటాన్నే మేము ఎంచుకున్నాం. అది బద్ధకం కాదు. దేవుడు చెప్పనిదాన్ని ఊహించి, ఆ ఊహ మీద ఒక తల్లికి నీ కొడుకు సంగతి ఇంతే అని చెప్పవలసి రావడం కంటే ఇది మేలని మా నమ్మకం.

సత్యనారాయణపురం పాఠకుడు

నేను క్రైస్తవుడిని కాను. మిత్రుడు పంపితే ఈ చర్చ చదువుతున్నాను. రెండు మాటలు అనుమతిస్తారనుకుంటాను. శ్రీవైష్ణవంలో వడగలై, తెంగలై అనే రెండు శాఖల మధ్య సరిగ్గా ఇలాంటి వాదమే ఉంది. కోతిపిల్ల తల్లిని తానే గట్టిగా పట్టుకుంటుంది. పిల్లిపిల్లను తల్లే నోట కరచుకుని తీసుకుపోతుంది. జీవుడు భగవంతుణ్ణి పట్టుకోవాలా, భగవంతుడే జీవుణ్ణి మోసుకుపోతాడా అన్నదాన్ని మర్కట కిశోర న్యాయం, మార్జాల కిశోర న్యాయం అని చెబుతారు. అందువల్ల మీ ప్రశ్న నాకు పరాయిదిగా అనిపించలేదు. నేను అడగదలచుకున్నది వేరు. మీరు ఏర్పాటు అంటున్నది, మన ఊళ్లో అందరూ నుదుటి రాత అనేది, రెండూ ఒకటేనా?

అరండల్‌పేట మాస్టారు

మంచి ప్రశ్న వేశారు, ధన్యవాదాలు. ఒకటి కావు. నుదుటి రాత అన్నప్పుడు సాధారణంగా పూర్వకర్మ ఫలం అనే అర్థం దాని వెనుక ఉంటుంది. మనిషి చేసినదానికి తగినది మనిషికి వస్తుంది. పౌలు చెప్పే ఏర్పాటులో మనిషి చేసినదానికి చోటే లేదు. ఏమీ చేయకముందే అని ఆయన నొక్కి చెప్పింది అందుకే. అర్హత చూడని దయ అది. పైగా రాతకు ప్రార్థన వినిపించదు, ఏర్పరచుకునేవాడు వింటాడు.

మా వాళ్లు ఈ రెండింటినీ కలిపేస్తున్నారన్నది నాకు చాలాకాలంగా ఉన్న బాధ. గుంటూరు, విజయవాడ రోడ్డు మీద ఎవరి బిడ్డయినా ప్రమాదంలో పోతే, ఆదరణ కూడికలో ఎవరో ఒకరు లేచి "దేవుడు అంతవరకే రాసిపెట్టాడు" అంటారు. తాగి లారీ నడిపినవాడి పాపాన్ని తీసుకెళ్లి దేవుని మీద వేసే మాట అది. పాపానికి దేవుడు కర్త కాడన్న దగ్గర ఇక్కడ మాట్లాడుతున్న మేమంతా ఒకటే.

కొత్తపేట సేవకుడు

ఆ చివరి వాక్యం పట్టుకునే, రోమా తొమ్మిదిలో పౌలు ప్రస్తావించిన ఐగుప్తు రాజు ఫరో దగ్గరికి వస్తాను. నిర్గమకాండములో తెగుళ్ల వరుసను జాగ్రత్తగా చదవండి. మొదటి ఐదు తెగుళ్లలో ఫరో హృదయం కఠినమైందని గాని, ఫరో తన హృదయాన్ని కఠినపరచుకున్నాడని గాని ఉంటుంది. యెహోవా కఠినపరచాడన్న మాట తెగుళ్ల మధ్య మొదటిసారి వచ్చేది ఆరో తెగులు, దద్దుర్ల దగ్గర, 9:12లో. ఎన్నోసార్లు తానే మూసుకున్న తలుపుకు దేవుడు చివరికి గడియ వేశాడు. కఠినపరచడం తీర్పు, అది మొదటి కారణం కాదు.

పటమట సంస్కరణ విశ్వాసి

వరుస నిజమే. కానీ మోషే ఐగుప్తుకు బయలుదేరేటప్పుడే, 4:21లో, అతని హృదయాన్ని నేను కఠినపరుస్తానని దేవుడు ముందే చెప్పాడు. పౌలు రోమా తొమ్మిదిలో పట్టుకున్నది ఆ కోణాన్నే. అది తీర్పు అన్నదానితో నాకు విభేదం లేదు. ఆ తీర్పు దేవుని సంకల్పంలో ముందునుంచీ ఉన్నదని మాత్రమే నా వాదన. పాపులందరూ న్యాయంగా శిక్షార్హులే. కొందరిని కరుణించడం అన్యాయం కాదు.

నిర్వాహకులు

ఫరో ప్రస్తావన తరువాత వచ్చిన ఒక వ్యాఖ్యలో ఒక పక్షాన్ని దుర్బోధకులని పేర్కొన్నందున దాన్ని తొలగించాం. 1618, 1619లలో సంస్కరణ సంఘాల డోర్ట్ మహాసభ ఇదే వాదం మీద కూర్చున్నప్పుడు నెదర్లాండ్స్‌లో రాజకీయాలు అందులో కలిసి, సభ ముగిసిన కొద్ది రోజులకే ఓల్డెన్‌బార్నెవెల్ట్ అనే వృద్ధ రాజనీతిజ్ఞుడి తల నరికారు. ఈ చర్చలో దూషణకు తావులేదు. దయచేసి సోదరి అడిగినదాని మీదే ఉండండి.

బ్రాడీపేట సోదరి

మాస్టారూ, తొమ్మిదో అధ్యాయాన్ని అటూ ఇటూ ఉన్న ప్రార్థనలతో కలిపి చదివాను. నిన్న అమ్మకు కూడా చదివి వినిపించాను. ప్రార్థన విషయంలో నాకు ఇప్పుడు అడ్డు లేదు. ఓడ మాట కంటే, కెయీలా మాట కంటే, పౌలు తన వారి కోసం ప్రార్థించాడన్నదే నాకు ఆధారంగా నిలిచింది.

ఇక మిగిలింది ఒక్కటే, అది చేతల్లోకి వచ్చే ప్రశ్న. ఆదివారం సాయంత్రాలు తమ్ముడు ఫోన్ చేస్తాడు. ఒకసారి వాడే అడిగాడు: "నీ దేవుడికి నేను కావాలా అక్కా?" నేను తడబడ్డాను. క్రీస్తు నీ కోసం చనిపోయాడు అని వాడితో సూటిగా చెప్పవచ్చా? మీ మీ సంఘాల బోధ ప్రకారం అవునో కాదో చెప్పండి.

కొత్తపేట సేవకుడు

నిస్సందేహంగా చెప్పండి. ఈ మాట చెప్పలేకపోతే నాకు సువార్తే లేదు.

గుణదల విశ్వాసి

చెప్పవచ్చు. ఆయన అందరి కోసం మరణించాడని, అయితే ఆ మరణ ఫలాన్ని అందరూ పొందరని మా సంఘపు ట్రెంట్ మహాసభ 1547లో ప్రకటించింది. క్రీస్తు అందరి కోసం మరణించాడనడం తప్పన్న వాదాన్ని 1653లో పదో ఇన్నోసెంట్ పోపు గారు ఖండించారు.

పటమట సంస్కరణ విశ్వాసి

నిజాయితీగా చెబుతాను. క్రీస్తు మరణం లోకమంతటి పాపాలకూ చాలినంత విలువైనదని, నమ్మినవాడు నశించడన్న వాగ్దానాన్ని భేదం లేకుండా మనుషులందరికీ ప్రకటించాలని డోర్ట్ తీర్మానాల రెండో అధ్యాయం చెబుతుంది. కాబట్టి, "నువ్వు క్రీస్తు దగ్గరికి వస్తే ఆయన నిన్ను త్రోసివేయడు" అని మీ తమ్ముడితో పూర్తి నమ్మకంతో చెబుతాను. యోహాను 6:37 ఆయన సొంత మాట. "నీ కోసం చనిపోయాడు" అన్న మాట మాత్రం, వాడు నమ్మకముందు, వాడి పేరు పెట్టి చెప్పను. ఆ మరణం ఫలించేలా దేవుడు ఉద్దేశించినది ఏర్పరచబడినవారికే అని అదే అధ్యాయంలో ఉంది. వారి పేర్లు నాకు తెలియవు. మీకు ఇది చాలకపోవచ్చునని తెలుసు. వెస్లీతో ఈ విషయంలో బహిరంగంగా విభేదించిన ప్రసంగికుడు వైట్‌ఫీల్డ్ నా పక్షంవాడే. ఆయన మైదానాల్లో వేలమందిని కన్నీళ్లతో పిలిచాడు. 1770లో ఆయన చనిపోతే లండన్‌లో సంస్మరణ ప్రసంగం చేసినవాడు వెస్లీ.

అరండల్‌పేట మాస్టారు

చెప్పు తల్లీ. పేరు పెట్టి చెప్పు. వాడి బాప్తిస్మం రోజున కాపరి వాడి పేరు పెట్టే చెప్పారు. ఆ రోజు నీళ్ల దగ్గర పలికిన మాటను దేవుడు వెనక్కి తీసుకోలేదు. ఏర్పాటు సంగతి వాడు ఎత్తితే వాదించకు. నమ్మకం కలగలేదంటే కోప్పడకు. కలిగించేవాడు ఆత్మ, ఆయన వాక్యం ద్వారా పని చేస్తాడు. ఆ వాక్యాన్ని వాడి చెవిన వేయడం వరకే నీ పని.

బ్రాడీపేట సోదరి

పటమట సోదరుడు దాచకుండా చెప్పినందుకు నిజంగా కృతజ్ఞురాలిని. ఆయన చెప్పిన యోహాను 6:37ను కూడా తమ్ముడికి చదివి వినిపిస్తాను. కానీ ఆయన ఆగిన చోట నేను ఆగలేను. "నీ దేవుడికి నేను కావాలా" అన్నవాడికి, నువ్వు ముందు నమ్ము, తరువాత చెబుతాను అనడం నాకు చేతకాదు. మొదటి తిమోతి 2:4లో అందరు అన్న మాటను ఎవరు ఎలా కుదించినా, అందులో మా తమ్ముడు లేడని నాకు ఎవరూ చూపలేదు. ఈ ఆదివారం వాడు ఫోన్ చేసినప్పుడు చెబుతాను. రోమా పదకొండు మీద, ముఖ్యంగా కొట్టివేయబడిన కొమ్మలను దేవుడు మళ్లీ అంటుకట్టగలడన్న 23వ వచనం మీద, మీరంతా మాట్లాడాలని కోరుతున్నాను. వచ్చే వారం మా గృహకూడికలో అదే పాఠం.